మెట్ట ఎక్కిన తుఫాను

నేనేం ఉద్యోగం చేశానో మా బంధువులకు ఇప్పటికీ సరిగ్గా చెప్పడం రాదు. "వాన లెక్క రాసే పని" అంటారు. అనంతపురం జిల్లాలో వాన లెక్క రాయడమంటే ఎండాకాలంలో కంబళ్లు అమ్మడం లాంటిదని వాళ్ల నవ్వు. నేనేమీ అనుకోను. కదిరి రోడ్డు పక్కన ఉన్న ఒక మెట్ట పంటల క్షేత్రంలో ముప్పై ఏళ్లకు పైగా వాతావరణ పరిశీలకురాలిగా పనిచేశాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వానమాని మూత తీయాలి. లోపలి సీసాలో నీళ్లుంటే కొలత గ్లాసులో పోసి చూడాలి. రిజిస్టరులో రాయాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు నేను రాసింది సున్నా. సున్నాను అంత గుండ్రంగా రాసే మనిషి మా శాఖలో ఇంకొకరు లేరని ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చినప్పుడు మెచ్చుకున్నాడు కూడా.

ఇది చదివే కుర్రవాళ్లు ఫోనులో మబ్బును వేలితో అటూ ఇటూ జరిపి చూసుకుంటారు. మంచిదే. అయితే రేపు వాన వస్తుందని ఒక మనిషి ముఖం చూసి చెప్పడం, ఆ మనిషి మన మాట మీద పంటను నిలబెట్టడం వేరే సంగతి. దాని గురించే చెబుతాను.

మాది ధర్మవరం. నాయన పట్టు చీరలు నేసేవాడు. గట్టిగా వాన పడితే మగ్గం గుంతలోకి నీళ్లు ఊరేవి. ఇంటిల్లిపాదీ చెంబులతో ఎత్తిపోసేవాళ్లం. అందుకని మా ఇంట్లో మబ్బును చూసి సంతోషించిన వాళ్లు లేరు. వానను చూసి చేతులెత్తి మొక్కే మనుషులుంటారని ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

మా ఆఫీసులో ముగ్గురమే ముఖ్యం. సారు ఉండేవాడు, వయసులో నాకంటే చాలా చిన్నవాడు, శాస్త్రవేత్త. ఇస్త్రీ మడత నలగకుండా సాయంత్రందాకా కూర్చోగల మనిషి. రెండోవాడు మా అటెండరు. మడకశిర పక్క గొర్రెల కాపరుల ఇంటివాడు. తెలుగులో మొదలుపెట్టి, సంతోషం వచ్చినా కోపం వచ్చినా కన్నడంలోకి దిగేవాడు. మూడోదాన్ని నేను. వీళ్లు కాక, ముఖం కూడా ఎరగని స్నేహితుడు ఒకాయన ఉండేవాడు. కోస్తాలో, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో నాలాంటి పనే చేసేవాడు. బంగాళాఖాతంలో ఏదైనా కదిలితే ఫోను చేసేవాడు. "మేడంగారూ, మా అల్లుడు బయల్దేరాడండి. మర్యాదలు సిద్ధం చేసుకోండి" అని మొదలుపెట్టేవాడు. ఆ అల్లుళ్లలో చాలామంది మా గడప దాకా రాలేదు. కొండలు దాటేలోపే వానంతా అయిపోయి, మాకు ఉత్త మబ్బు నీడ మిగిలేది.

తుఫాను సంగతికి ముందు నా తప్పు చెప్పాలి. అది లేకపోతే ఇది లేదు.

అంతకు ముందు ఏడాది, వేరుశనగ పీకే రోజుల్లో ఒక వాయుగుండం పట్టింది. మా ఆఫీసు నుంచి రైతుల ఫోన్లకు తెలుగులో సందేశాలు వెళ్లేవి. వాటిని రాసేది నేను, చూసి పంపేది సారు. పైనుంచి వచ్చిన కాగితంలో "భారీ వర్షం కురిసే అవకాశం ఉంది" అని ఉంది. చాలా ఏళ్లుగా సున్నాలు రాసిన చెయ్యి కదా, ఉత్సాహం ఆగలేదు. "భారీ వర్షం తప్పక కురుస్తుంది, నాలుగు రోజులు పంట పీకవద్దు" అని రాశాను. సారు ఆ రోజు హడావుడిలో చూడకుండా పంపేశాడు. వాయుగుండం మా వైపు తిరిగినట్టే తిరిగి, ఒడిశా వైపు వెళ్లిపోయింది. ఇక్కడ చినుకు లేదు. పైగా ఎండ కాసింది, నేల గట్టిపడింది.

వారం తర్వాత ఒక రైతక్క ఆఫీసుకు వచ్చింది. యాభై దాటిన మనిషి. క్షేత్రానికి ఆనుకుని ఐదెకరాల ఎర్రనేల ఉంది ఆమెకు. భర్త పోయాక తానే చేస్తోంది. చేతిలో ఒక వేరుశనగ చెట్టు. నా బల్ల మీద, రిజిస్టరు మీదే పెట్టింది. కింద కాయలు వేలాడే ఊడలున్నాయి గానీ కాయల్లేవు.

"ఇదో మేడమ్మా, నీ వాన. బాగా చూసుకో."

నేను ఆ చెట్టును తిప్పి చూశాను.

"కాయలు యాడికి పోయినాయో తెల్సునా? భూమిలోనే ఉండాయి. ఆగండి అంటివి, ఆగితిమి. నేల రాయి మాదిరి అయిపాయ. పీకితే చెట్టు వస్తాండాది, కాయ రాకుండాది. మనుషుల్ని పెట్టి తవ్విస్తాండా. మీ సారు చెప్పినాడని కాదు, పక్కనుండే ఆడమనిషి చెప్పింది కదా అని ఆగినా."

తప్పు నాదేనని, ఒక్క మాట మార్చి రాశానని చెప్పాను. ఆమె "ఒక్క మాటకు ఐదెకరాలా!" అని, ఆ చెట్టును అక్కడే వదిలి వెళ్లిపోయింది. తర్వాత దారిలో ఎదురైతే ఆకాశం వైపు చూసుకుంటూ పోయేది. సారు నన్ను ఏమీ అనలేదు గానీ, అప్పటినుంచి మా సందేశాలన్నీ ఒకే తీరుగా ఉండేవి. "వర్షం పడవచ్చు, పడకపోవచ్చు. రైతులు తగు జాగ్రత్త తీసుకోగలరు." అటెండరు అది చదివి, "సార్, ఇది మా అవ్వ గూడా చెప్తాది" అన్నాడు.

మరుసటి ఏడు పంట బాగా వచ్చింది. ఆ రైతక్క పీకించి, చెట్లను చేనంతా వరసలుగా ఎండబెట్టింది. చుట్టుపక్కల అందరివీ అంతే. సరిగ్గా అప్పుడు అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టింది.

పుట్టినప్పుడు అది ఏమంత చెప్పుకోదగ్గది కాదు. ఉపగ్రహం బొమ్మలో చిందిన పాల మరకలా ఉంది. మర్నాటికి గుండ్రం తిరిగింది. ఆ మర్నాటికి వాయుగుండమైంది, తుఫానైంది, దానికో పేరు కూడా పెట్టారు. ఆ పేరు మా నోళ్లలో తిరగలేదు. అటెండరు మాత్రం మొదటినుంచీ "ఆయప్ప" అనే అన్నాడు. "ఆయప్ప ఈపొద్దు ఎంతదూరం వచ్చినాడు మేడం?" అని అడిగేవాడు. నాలుగో రోజుకు ఆయప్పకు కన్ను తెరుచుకుంది. తుఫానుకు వెచ్చటి సముద్రమే కూడు. కూడు బాగా దొరికితే మధ్యలో అలా కన్ను పడుతుంది. అంత పెద్దదాన్ని, అంత వెడల్పుదాన్ని నా సర్వీసులో చూడలేదు.

"ఇది ఎప్పటిలాంటి అల్లుడు కాదండి" అన్నాడు కోస్తా స్నేహితుడు ఫోనులో. ఆ రోజు గొంతులో హాస్యం లేదు. "మమ్మల్ని కొట్టాక కూడా బలం మిగులుతుంది. మీదాకా వచ్చేస్తుంది, చూడండి."

పైనుంచి వచ్చిన కాగితంలో మా జిల్లాకు మళ్లీ "భారీ వర్షాలకు అవకాశం" అనే ఉంది. నేను బయటికెళ్లి నా పనిముట్లు చూశాను. తడి ఉష్ణమాని, పొడి ఉష్ణమాని రెండూ దగ్గర దగ్గరగా చూపిస్తున్నాయి. అంటే గాలినిండా తేమే. పీడనం గీసే గీత ఉదయం నుంచి కిందికి జారుతూనే ఉంది. తూర్పున ఆకాశమంతా సన్నటి తెల్లటి పోగులు, ఎవరో పడుగు చాచినట్టు. నమ్మకం కుదిరింది. కానీ నిరుడు కూడా కుదిరింది కదా!

సారు సందేశం రాసుకుని కూర్చున్నాడు. "పడవచ్చు, పడకపోవచ్చు" అనే దగ్గర పెన్ను ఆగిపోయింది.

"మీరేమంటారు మేడం?" అన్నాడు.

"రాసే మాట మీ ఇష్టం సార్. పైవాళ్లు ఏమన్నారో అదే రాయండి, ఒక్క అక్షరం మార్చొద్దు. నేను మాత్రం ఒక మనిషికి నోటితో చెప్పి రావాలి" అన్నాను.

మర్నాడే తుఫాను ఒడ్డు దాటే రోజు. పొద్దున్నే స్నేహితుడి ఫోను వచ్చింది. వెనకాల రైలుబండి పోతున్నట్టు చప్పుడు. "మేడంగారూ, గాలి దిక్కు చూపించే బాణం ఎగిరిపోయిందండి! ఇక దిక్కు నేనే చేత్తో చూపించాలి" అని అరిచాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. పీడనం ఎంతుందో చెబుతుండగానే లైను తెగిపోయింది. మళ్లీ చేశాను. మోగలేదు.

ఆ మనసుతోనే చేనుకు వెళ్లాను. నా వెనక అటెండరు. రైతక్క గట్టు మీద కూర్చుని రాగి సంకటి తింటోంది. ఇక్కడ ఇంకా పలచటి ఎండ.

"అక్కా, మధ్యాహ్నానికి వాన వస్తుంది. పెద్ద వాన. చెట్లు కుప్పగా వామి వేసి పైన పట్ట కప్పుకో."

ఆమె తినడం ఆపలేదు. "పోయినేడు గూడా ఇట్లే చెప్పినావు."

"పోయినేడు రాసి పంపినాను. ఈసారి వచ్చి చెబుతున్నాను."

"రాకపోతే?"

"రాకపోతే మళ్లీ చేనంతా నేనే పరుస్తా."

ఆమె ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "పరిచేది తర్వాత. కూలోళ్లు ఈపొద్దు ఎవురూ లేరు. అంత నమ్మకముంటే నువ్వే వామి ఎయ్ పా."

పని అంతే తేలిగ్గా తేలిపోయింది. కొంగు బిగించి దిగాను. అటెండరు కింద రాళ్లు పేర్చి, పైన కంప పరిచాడు, నీళ్లు కిందినుంచి పోయేందుకు. నేను చెట్లు మోసుకొచ్చి పేర్చడం మొదలుపెట్టాను. పది నిమిషాలు కాలేదు, రైతక్క పెద్దగా నవ్వింది.

"అయ్యో మేడమ్మా! కాయలు బయటికి పెడ్తాండావే, వానకు మొలకలొస్తాయి! కాయలు లోపలికి, ఆకు బయటికి. ఎన్నేండ్లు చేసినావమ్మా నువ్వు ఆ ఆఫీసులో?"

"నేను పైనున్న వాన సంగతే చూసినా అక్కా, కిందున్న కాయ సంగతి చూళ్లేదు."

"అదే వచ్చింది తంటా" అంది. అంటూనే పక్కకు వచ్చి ఎలా పేర్చాలో చూపించింది. ఏడాది తర్వాత ఆమె నాతో పక్కన నిలబడి మాట్లాడడం అదే మొదటిసారి. పేరుస్తూనే, కోస్తా స్నేహితుడి ఫోను మధ్యలో తెగిపోయిన సంగతి ఆమెకు చెప్పాను.

ఇంకో గంటకు సారు మోటారుసైకిలు మీద వచ్చాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చినవాడు, గట్టు మీద నిలబడి చూసి, చేతిగడియారం తీసి జేబులో వేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కాతో చెట్లు మోయడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద పోయే ఆటో ఆగింది. "ఏమప్పా, గవర్మెంటోళ్లు చెనక్కాయలు మోస్తాండారే!" అని ఎవరో అన్నారు. ఆ మాట ఊళ్లోకి ఎంత వేగంగా వెళ్లిందో గానీ, మా సందేశాలు ఎప్పుడూ అంత వేగంగా వెళ్లలేదు. చుట్టూ ఉన్న చేలలోకి జనం దిగారు. "సారే మోస్తాండాడంటే వాన ఖాయమప్పా" అనుకుంటూ వామి మీద వామి లేచింది. పట్టలు లేనివాళ్లు ఇళ్లలోంచి గోనెలు, పాత ఫ్లెక్సీలు తెచ్చారు. ఒక వామి మీద ఎన్నికలనాటి నాయకుడొకాయన వెల్లకిలా పడుకుని నమస్కారం పెట్టాడు.

రోజూ మధ్యాహ్నం తీసే ఉష్ణమానుల రీడింగు వేళ దాటిపోయింది. నా సర్వీసంతటిలో రాయకుండా వదిలింది ఆ ఒక్క గడే. తర్వాత కారణం ఏం రాయాలని సారును అడిగితే, "ఉన్నది రాయండి" అన్నాడు. "పరిశీలకురాలు వామి వేయుచున్నందున" అని రాశాను. దాని మీద పైనుంచి వివరణ అడుగుతూ కాగితం వచ్చింది. జవాబు మూడు పేజీలు రాశాం.

మూడు గంటలకు గాలి తిరిగింది. తూర్పు నుంచి మబ్బు గోడలా వచ్చింది. మొదటి చినుకు రైతక్క చెంప మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. అటెండరు పట్ట అంచు మీద రాయి పెడుతున్నవాడు రాయిని అక్కడే వదిలేసి, "మళె బంతు మేడం! మళె బంతు!" అని గంతులు వేశాడు. కన్నడంలో వాన వచ్చిందని. అంతలోనే గాలికి ఆ పట్ట లేచింది. నలుగురం దాని మీద పడి పట్టుకున్నాం. తాడు కట్టేసరికి నీళ్లలో నానిన గోనెల్లా ఉన్నాం.

సముద్రం మీద ఉన్నంతసేపే తుఫానుకు బలం. నేల ఎక్కాక దాని కూడు ఆగిపోతుంది. మా మెట్ట మీదికి వచ్చేసరికి ఆయప్పకు కోపం తీరిపోయింది, నీళ్లు మాత్రం మిగిలాయి. వాటిని పట్టుకుని ఇంకెక్కడికీ పోలేక మా మీదే దించాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకు వానమాని తెరిచాను. సీసా నిండా నీళ్లు!  నేను గ్లాసుతో కొలిచి ఇస్తుంటే అటెండరు గది వెనక్కి తీసుకెళ్లి పారబోస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు... మధ్యలో సారు పరుగెత్తుకొచ్చి, వంక పొంగి కదిరి బస్సు ఆగిపోయిందని చెప్పాడు. ఆ సంతోషంలో ముగ్గురం ఏదో మాట్లాడుకున్నాం. సీసా అయిపోయింది. ఏడు గ్లాసులని నేను, ఎనిమిదని అటెండరు.

 అన్నేళ్లు సున్నాలు తప్పకుండా రాసి, రాయాల్సిన ఒక్క పెద్ద అంకె దగ్గర లెక్క తప్పాను. పారబోసిన వానను ఎవరు తిరిగి తెస్తారు?

అటెండరు నింపాదిగా గది వెనక్కి వెళ్లి ఒక బిందె తెచ్చాడు. "పారబోయలేదు మేడం. ఇంత మంచి నీళ్లు నేలపాలు చేసేకి మనసొప్పలేదు. దీన్లో పోసినా."

మళ్లీ కొలిచాం. ఎనిమిదే. ఆ నీళ్లతోనే ఆయన టీ పెట్టాడు.

ఊరు ఊరంతా వంక చూడ్డానికి రోడ్డెక్కింది. వాములు నిలిచాయి, కాయలు దక్కాయి. రైతక్క ఆఫీసుకు వచ్చి నా బల్ల మీద తాజా కాయలు పోసి, "కాయలు లోపలికి, ఆకు బయటికి. మర్చిపోవద్దు" అంది. నేను నవ్వలేకపోయాను. నాలుగు రోజులైంది, కోస్తా ఫోను ఇంకా మోగడం లేదు. టీవీలో పడిపోయిన ఇళ్లు, ఇసుకలో బోర్లా పడిన పడవలు చూపిస్తున్నారు.

"ఫోన్లో చెప్పినాయప్ప ఎట్లుండాడు?" అని ఆమే అడిగింది. తెలియదన్నాను. ఆమె బల్ల మీది కాయలను ఒకపక్కకు నెట్టింది. తర్వాత, "పోయి చూస్తే పోలే?" అంది.

మర్నాటికి ఆమె రెండు మూటలు కాయలు వేయించి తెచ్చింది. ఆమెను చూసి పక్కవాళ్లు తెచ్చారు. ఒకరు జొన్నపిండి, ఒకరు బియ్యం. అటెండరు మడకశిర వెళ్లి వాళ్ల వాళ్ల దగ్గర కంబళ్లు పోగుచేసుకొచ్చాడు. కదిరిలో ఒక దినుసుల అంగడాయన తన లారీ ఇచ్చాడు. రైతక్క, అటెండరు, నేను బయల్దేరాం.

ఊరు కనుక్కోవడం కష్టం కాలేదు, ఆఫీసు గుర్తుపట్టడమే కష్టమైంది. పైకప్పు సగం లేదు. పెరట్లో బట్టలారేసే తీగె మీద రిజిస్టరు కాగితాలు క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి. వాటి మధ్యలోంచి పొట్టిగా, బట్టతలతో ఒకాయన బయటికి వచ్చాడు. ఫోనులో ఆ గొంతు విని ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను.

"అనంతపురం మేడంగారేనా?" అన్నాడు. అని, "వచ్చిందా అండి మీకు?" అని అడిగాడు. తన ఇల్లు పోయిన సంగతి కాదు, ముందు అదే అడిగాడు.

"ఎనిమిది గ్లాసులు" అన్నాను.

"అమ్మయ్య!" అని, అక్కడున్న విరిగిన కుర్చీలో కూర్చున్నాడు. ఇంటివాళ్లంతా బడిలో తలదాచుకుని క్షేమంగా ఉన్నారట. ఇల్లు పోయింది. పక్కనున్న జాలరిపేటలో పడవలు పోయాయి, కొన్ని ఇళ్లలో మనుషులూ పోయారు. చెబుతూ చెబుతూ మేమిచ్చిన కంబళిని ఒళ్లో పెట్టుకుని నిమిరాడు. "ఇంత మందంగా ఉంది, మా ఊళ్లో దీన్ని ఎప్పుడు కప్పుకోవాలండి?" అని నవ్వాడు. అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని, నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

సామాను పంచడానికి ఆయన మమ్మల్ని పేటకు తీసుకెళ్లాడు. ఇసుక దిబ్బ ఎక్కగానే సముద్రం కనిపించింది. అన్నేళ్లు బంగాళాఖాతం అని చేత్తో రాసినదాన్ని, కంటితో చూడడం అదే మొదటిసారి. ఏమీ ఎరగనట్టు చిన్న చిన్న అలలు వేస్తోంది. అటెండరు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, "ఉప్పు! ఉప్పు!" అని ఉమ్మేశాడు. రైతక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇన్ని నీళ్లా! ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకోని, ఆడ మమ్మల్ని చినుకు చినుక్కు ఏడిపిస్తాండావా? సిగ్గుండాదా నీకు?" అని సముద్రాన్ని దులిపేసింది.

ఒడ్డున ఒకామె విరిగిన పడవకు ఆనుకుని కూర్చుని, చిక్కుపడిన వల విప్పుకుంటోంది. ఈ కేకలు విని తలెత్తి చూసింది. రైతక్క నోరు ఆగిపోయింది. పడవను చూసింది, వలను చూసింది. నెమ్మదిగా వెళ్లి ఆమె పక్కన ఇసుకలో చతికిలబడింది. వల రెండో కొస ఒళ్లోకి లాక్కుని, తనకు తెలియని ఆ ముళ్లను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"ఎవరమ్మా మీరు? ఏ ఊరు?" అని అడిగింది వలామె.

"మిమ్మల్ని కొట్టిన తుఫానే మా కాడ వానై పడింది. ఆ వూరోళ్లం" అంది రైతక్క, తలెత్తకుండా.

వలామె చేతులు ఆగాయి. ఆ మాట విని ఏమంటుందోనని నాకు భయమేసింది. ఆమె కాసేపు సముద్రం వైపు చూసి, ఇటు తిరిగి, "మరి పంట దక్కిందా?" అని అడిగింది.

"దక్కింది" అంది రైతక్క. కొంగు ముడి విప్పి, వేయించిన కాయలు గుప్పెడు తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇదో, తిను."